ఓడినవి ఓడెక్కి

గురువారం కాశీనగర్ సంతలో
ఎండుచేపల వరసకీ గాజుల బండికీ నడుమ
నాది పాతబట్టల దుకాణం.
పాతవంటాను గానీ, ఈ కట్ట విప్పితే కొత్తవాసన.
ఒక్కడూ తొడగలేదు వీటిని.
మెడ దగ్గర చీటీ కూడా ఊడలేదు.

అమెరికాలో ఒక ఆట ఉందట.
బంతి గుండ్రంగా ఉండదు, పనసగింజలా కోసుగా ఉంటుంది.
పేరు కాలిబంతి, చంకలో పెట్టుకుని పరిగెడతారు.
ఏడాదికొక్కసారి ఆఖరాట.
మొదటేడు కుర్చీలే నిండలేదట,
ఇప్పుడు ఆ రాత్రి దేశమంతా టీవీ ముందే తింటుందట.
ఎన్నో ఆటో మామూలు అంకెల్లో రాయరు,
పాత గడియారం మీది గీతల్లో రాస్తారు.
దండపాణి మాస్టారు చొక్కా ఎత్తి పట్టుకుని
కూడి, తీసి, "ఇరవై ఏడు" అంటారు
చింతపండు ధర చెప్పినంత సులువుగా.

ఆట ముగియకముందే
రెండు జట్లకీ గెలుపు చొక్కాలు అచ్చేస్తారు.
గంట కొట్టిన నిమిషానికి ఒక పెట్టె తెరుస్తారు.
రెండోది తెరవరు.
ఓడినది ఓడెక్కుతుంది.
రేవులు మారి, గోడౌన్లు మారి,
గుణుపురం పాసింజర్లో ఎవరి కాళ్ళ కిందో నలిగి
నా దగ్గరికి వస్తుంది.

అందుకని నా దగ్గరున్న చరిత్ర వేరు.
ఇందులో గేదెబొమ్మ జట్టు
వరసగా నాలుగేళ్ళు గెలిచింది.
అక్కడ నాలుగేళ్ళూ ఓడిందని
సుశాంత గుంటడు ఫోనులో చూపించాడు.
చూపిస్తే చూపించాడు.
సుంబరి గొమాంగో మొగుడు నాలుగూ కొనుక్కుపోయాడు,
"మావాటి లాగే ఉంది, కొమ్ములే పొట్టి" అని.
పొద్దు వాలాక వంశధార ఇసుకలో
అతనూ అతని గేదెలూ వస్తుంటే
ఎవరు ఎవరి జట్టో చెప్పలేం.

పందొమ్మిది – సున్నా అని ఒకటొచ్చింది.
పద్దెనిమిదీ గెలిచినవాళ్ళు
ఆఖరిదీ మాదేననుకుని కొట్టించిన అచ్చు.
లెక్కల్లో రెండుసార్లు పోయిన తవిటినాయుడి కొడుకు
వెతికి వెతికి దాన్నే ఏరుకున్నాడు.
"సున్నా ఎవుడిదిరా?" అంటే
"అవతలోడిది మావా" అన్నాడు.
మూడోసారి పరీక్షకి అదే తొడుక్కుని వెళ్ళాడు.
ఫలితం నేను అడగలేదు.

మా తాతకి ఇక్కడే కిరాణా కొట్టు.
కొట్టు పోయింది, చోటు మిగిలింది.
రాష్ట్రాల గీత ఎటు పడుతుందో తెలియని రోజుల్లో
పొద్దున ఒక కబురు, మాపు ఒక కబురు.
తాత పెయింటరు కూర్మయ్యని పిలిచి
రెండు బోర్డులు రాయించాడు,
ఒకటి ఒరియాలో, ఒకటి తెలుగులో.
గీత పడ్డాక ఒకటి తగిలించాడు.
రెండోది చెరపలేదు, అమ్మలేదు, పొయ్యిలో పెట్టలేదు.
మంచి టేకు చెక్క.
ఈ చొక్కాలన్నీ ఇప్పుడు దాని మీదే పేర్చాను,
అక్షరాలు కిందికి తిప్పి.
వానొస్తే దాన్నే నెత్తిన పెట్టుకుని పరిగెడతాను.
కింద దూరిన పిల్లలు తలెత్తి చూస్తారు.
బళ్ళో ఒరియా, ఇంట్లో తెలుగు, చదవడం రాదు.
మా తాత పేరుని ఏదో బొమ్మనుకుంటారు.

ఈ మాఘంలో మళ్ళీ ఆఖరాట అయిందట.
ఎవరు గెలిచారో నాకెందుకు,
ఓడినోళ్ళ రంగేదో చెప్పరా సుశాంతా,
కొర్రలు కోతకొచ్చేసరికి సరుకు దిగుతుంది.
ఒక్కటే చిక్కు. వాళ్ళ ఛాతీలు మరీ వెడల్పు.
దర్జీ అప్పలకొండ రెండు పక్కలా మడిచి కుడితే
గెలుపు మాటలో ముందు రెండక్షరాలు, వెనక రెండక్షరాలు
కుట్టు లోపలికి పోతాయి.
మిగిలిందేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.
ఉతికితే రంగు దిగుతుందా అంటారు,
దిగదు అంటాను.